ఐదు పళ్ళాలు, ఎర్రగుడ్డ

ఆ ఆదివారం సత్తిబాబుకు అప్పగించిన పనులు మూడే. పదకొండు గంటలకు వచ్చే బర్మా పెద్దావిడ డా సాన్ యీ గారికి కుర్చీ తుడిచి వెయ్యాలి. ఆవిడ ఉన్నంతసేపూ నోరు మెదపకూడదు. దేన్నీ ముట్టుకోకూడదు. ముందురోజే భార్య సుధామణి ఈ మూడూ చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుంది కూడా. బర్మాలోని ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో ఇరవయ్యేళ్ళుగా ఇనుముతో కుస్తీ పడుతున్న మనిషికి ఇదీ ఒక పనేనా అని సత్తిబాబు నిశ్చింతగా ఉన్నాడు.

సుధామణికి మాత్రం నిశ్చింత లేదు. మింగళాడోన్‌లో ఆమె పనిచేసిన కుట్టు ఫ్యాక్టరీ నాలుగు నెలల కిందట మూతపడింది. వారం రోజులు గోడకేసి చూస్తూ కూర్చుంది. ఎనిమిదో రోజున పాత క్యాలెండరు చింపి, కాగితాన్ని కోసుగా కత్తిరించి, వెదురుపుల్లకు చుట్టి, గంజితో అంటించి ఒక పూస చేసింది. పూసలు దండలయ్యాయి. సత్తిబాబు ప్లాస్టిక్ పైపును రంపంతో వలయాలుగా కోసిపెడితే వాటికి రంగుదారం చుట్టి గాజులు చేసింది. దర్జీలు పారేసే లుంగీ ముక్కలు ఆమె చేతిలో పడి జూకాలయ్యాయి. అన్నిటినీ కోడిగుడ్ల అట్టల్లో గుంటకో జత చొప్పున, ఏ రంగుకా రంగు విడదీసి సర్దుకుంది. ఆ అట్టలున్న బల్ల దరిదాపులకు మొగుణ్ణి రానిచ్చేది కాదు.

బర్మావాళ్ళు పెద్దావిడల పేరుకు ముందు మర్యాదగా 'డా' అంటారు. ఈ డా సాన్ యీ గారికి ఊళ్ళో చేతిపనుల దుకాణం ఉంది. కిందటి నెల ఆవిడ ఒకసారి వచ్చి, ఒక పూసను గోటితో నొక్కి చూసి, "చక్కగా ఉన్నాయమ్మా. కానీ కాగితం కదా. మన ఊరి వానకు కరిగిపోతే, కొన్నవాళ్ళు వచ్చి నా గుమ్మంలో కూర్చుంటారు" అంది బర్మా భాషలో. ఆ రోజు నుంచి సుధామణి ఒక్కో పూసకు నాలుగేసి పూతలు వార్నిష్ వేసింది. ఒక్కదాన్ని తడిపి చూడమని సత్తిబాబు అంటే మాత్రం ఆమెకు ప్రాణం ఒప్పలేదు. ఈ ఆదివారం నచ్చితే ఆ దుకాణంలో ఒక అద్దాల అర సుధామణిది. నచ్చకపోతే గోడ ఉండనే ఉంది.

తొమ్మిదింటికి వాన పట్టుకుంది. ఇంకో పావుగంటకు రేకుల కప్పులోంచి మొదటి చుక్క సరిగ్గా పచ్చజూకాల గుంటలో పడింది.

"ఏటండీ, అలగ సూస్తారు? అట్టలు నానిపోతన్నాయి. నా సేతులకి జిగురుంది. అన్నీ స్టీలు పళ్ళాల్లోకి మార్సీండి. రంగులు కలిపీకండి" అంది సుధామణి.

ముట్టుకోవడానికి అనుమతి దొరికేసరికి సత్తిబాబు ఉత్సాహంగా రంగంలోకి దిగాడు. గాజులొక పళ్ళెంలో, దండలు రెండిట్లో, జూకాలు ఇంకోదాంట్లో, ఉంగరాలూ జడపిన్నులూ మరోదాంట్లో సర్దాడు. ఐదు పళ్ళాలు తయారయ్యాయి గానీ వాటిని పెట్టడానికి ఇంట్లో పొడిచోటు లేదు.

"ఎదర ఢిల్లేశ్వర్రావుగారింటికి కొత్త రేకులేసారు కదా. ఆల్లింట్లో పెట్టి రండి. ఆవిడొచ్చే ముందు తెచ్చుకుందాం" అంది సుధామణి.

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు కృష్ణకుమార్ గుమ్మంలోకి వచ్చాడు. అతను విమానాశ్రయంలో సామాన్ల బండి నడుపుతాడు. సెలవురోజున పది దాటితే గానీ లేవని కుర్రాడు ఆ పూట తలంటుకుని, ఇస్త్రీచొక్కా తొడుక్కుని, చేతిసంచితో ఏదో చెప్పుకోవాలని వచ్చి, ఎదురింటి పేరు చెవిన పడగానే ఆ సంగతి మింగేశాడు.

"నానూ వస్తాను బావా. ఐదు పళ్ళాలు ఒక్కడివీ ఎలగ మోస్తావు?" అంటూనే పెట్టె తెరిచి అక్క దాచుకున్న ఎర్ర జాకెట్టుగుడ్డలు తీసి పళ్ళాల మీద కప్పాడు. సంచిలోంచి రెండు కొబ్బరికాయలు తీసి, తాను మోసే పళ్ళాల మీద చెరొకటి పెట్టాడు.

"ఇయ్యెందుకురా?" అన్నాడు సత్తిబాబు.

"బరువు బావా. గాలికి గుడ్డలెగిరిపోవా?"

బావమరిది ముందుచూపుకు సత్తిబాబు ముచ్చటపడ్డాడు. తన మూడు పళ్ళాలూ ఒకదాని మీదొకటి పేర్చుకుని, వాటి మీద గుడ్డ ఎగరకుండా గడ్డం ఆనించి బయల్దేరాడు.

గుమ్మంలో పక్కింటి చిన్నమ్మి ఎదురైంది. ఎర్రగుడ్డలు చూసింది, కొబ్బరికాయలు చూసింది, కృష్ణకుమార్ ఇస్త్రీచొక్కా చూసింది. ఒక్క ప్రశ్న వెయ్యకుండా తన గొడుగు తెచ్చి కృష్ణకుమార్ నెత్తిన పట్టింది. తన నెత్తిన ఎందుకు పట్టలేదో సత్తిబాబుకు అర్థం కాలేదు. వాన మాత్రం ఇద్దరి మీదా సమానంగానే పడుతోంది.

ఆ వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. ముత్తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి రేవుపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ ఊళ్ళ పేర్లు మర్చిపోయిన వాళ్ళున్నారు, తెలుగు చదవడం రానివాళ్ళు బోలెడంతమంది. అయినా బేసిలెక్కన పళ్ళాలు, వాటి మీద ఎర్రగుడ్డ, దాని మీద కొబ్బరికాయ, వెనక పెళ్ళికాని కుర్రాడు ఇవన్నీ కలిసి పెళ్ళికాని పిల్ల ఉన్న గుమ్మం ఎక్కితే ఏమిటో అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. సత్తిబాబుకూ తెలుసు. కానీ ఆ క్షణంలో అతని బుర్రలో వాన తప్ప ఇంకేమీ లేదు.

ఢిల్లేశ్వరరావు సేక్కాన్ రేవుకు డ్యూటీకి పోయాడు. తలుపు తీసింది అతని తల్లి అప్పలమ్మ. ఆవిడ వెనక తలుపు పక్కన మనవరాలు దేవి నిలబడింది. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది.

"ఇయ్యి మీ ఇంట్లో ఉంచాల పెద్దమ్మా. పదకొండింటికి పెద్దావిడొచ్చి సూస్తాది. నచ్చిందంటే మా సుధ కష్టం గట్టెక్కినట్టే" అన్నాడు సత్తిబాబు. చూరు నీళ్ళు కళ్ళలో పడి మంటెత్తితే భుజానికేసి తుడుచుకున్నాడు.

ఆ కళ్ళు చూసి అప్పలమ్మ కరిగిపోయింది. "ఏడవకు నాయినా. నచ్చకపోడానికేటుంది? మా గుమ్మం ఎక్కినాయి కదా, ఇంక నువ్వు బెంగెట్టుకోకు" అంది.

పళ్ళాల కోసం ఇంత ఆప్యాయత చూపించే ఇరుగుపొరుగు ఉన్నందుకు సత్తిబాబు మనసు నిండిపోయింది. "నానిక్కడే కాపలా ఉంటాను బావా" అన్నాడు కృష్ణకుమార్. అదీ మంచిదే అనుకుని సత్తిబాబు ఇంటికొచ్చి, కారే చోటల్లా గిన్నెలు పెట్టే పనిలో పడ్డాడు.

ఆ తర్వాత ఎదురింట్లో జరిగినవి సత్తిబాబుకు ఆలస్యంగా తెలిశాయి. మనం ఇప్పుడే తెలుసుకుందాం. అప్పలమ్మ పళ్ళాలకు పసుపూ కుంకుమా పెట్టి గుడ్డలు తీసింది. దండ చేతిలోకి తీసుకుని, "కాయితంలాగుందేటే?" అంది.

"ఈ రోజుల్లో బంగారం ఎవడు కొంటాడత్తా? కూకుని సేత్తో సేసి ఎట్టారు. అబిమానం అంటే అదీ" అంది చిన్నమ్మి.

అప్పలమ్మకు ఆ మాట నచ్చింది. అలా వచ్చిన గాజులూ పూసలూ పిల్ల ఒక్కతే దాచుకుంటే మంచిది కాదనీ, వీధిలో ముత్తయిదువులందరికీ అదే పూట పంచాలనీ వాళ్ళమ్మ చెప్పేది. కాబట్టి పిల్లకు నీలం పూసల దండ ఒకటి మెళ్ళో వేసి, మిగతావన్నీ జల్లెడలో పోసుకుని, చిన్నమ్మినీ, వీధి చివరింటి తులసమ్మనూ వెంటబెట్టుకుని వానలోనే ఇల్లిల్లూ తిరిగింది. పళ్ళెం మాత్రం ఉత్తది వెనక్కి పంపకూడదు గదా. ఐదు పళ్ళాల నిండా అరటిపళ్ళూ బెల్లమూ తమలపాకులూ పెట్టించింది. ఇదంతా చూస్తున్న కృష్ణకుమార్ ఏదో చెప్పబోయాడు. దేవి తెచ్చి ఇచ్చిన సేమియా నోటినిండా ఉండడం వల్ల చెప్పలేకపోయాడు.

పదకొండుకు పది నిమిషాలుందనగా సత్తిబాబు వెళ్ళేసరికి పళ్ళాలు ఎర్రగుడ్డలు కప్పుకుని సిద్ధంగా ఉన్నాయి. కృష్ణకుమార్ నుదుట బొట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"బాబుని లేపకు. నువ్వే పట్టుకెల్లు నాయినా. మేం ఎనకాల వస్తాం" అంది అప్పుడే తడిసి ఇల్లు చేరిన అప్పలమ్మ, పమిట పిండుకుంటూ.

సత్తిబాబు రెండుసార్లు తిరిగి మోశాడు. పళ్ళాలు ఇందాకటి కన్నా బరువుగా ఉన్నాయి. పూసలు నీళ్ళు పీల్చాయేమోనని అనుమానం వచ్చింది. గుడ్డ తీసి చూసే ధైర్యం లేక, మోసినవి మోసినట్టే బల్ల మీద పెట్టేశాడు.

డా సాన్ యీ గారు చెప్పిన వేళకే వచ్చింది. సత్తిబాబు కుర్చీ తుడిచి వేశాడు, నోరు మూసుకున్నాడు. సుధామణి చేతులు కడుక్కుని వచ్చి, పాపం, ఎన్నాళ్ళనుంచో లోలోపల చెప్పుకుంటున్న నాలుగు ముక్కలూ బర్మా భాషలో అప్పజెప్పి మొదటి గుడ్డ తీసింది.

అరటిపళ్ళు. రెండో గుడ్డ కింద బెల్లం. మూడోదాని కింద మళ్ళీ అరటిపళ్ళు.

డా సాన్ యీ గారు మర్యాద తెలిసిన మనిషి. ఒక పండు వలుచుకుని, "ఇవి మాత్రం వానకు కరగవు" అంది.

సుధామణి మొగుడి వైపు చూసింది. తిట్టి ఉంటే సత్తిబాబు తట్టుకునేవాడే. ఆమె వెళ్ళి గోడకేసి తిరిగి కూర్చుంది. నాలుగు నెలల కిందటి ఆ వారమంతా సత్తిబాబుకు కళ్ళముందు తిరిగింది. తన చేతులతో తనే ఆమెను మళ్ళీ ఆ గోడ దగ్గరికి తోసేశానని అతనికి ఏడుపొచ్చింది. ఈసారి చూరు నీళ్ళు కావు.

అంతలో వీధిలో సందడి వినిపించింది. ముందు అప్పలమ్మ, పక్కన దేవి, వెనక చిన్నమ్మి, తులసమ్మ, ఇంకా పదిహేను మంది ఆడవాళ్ళు వానలో తడుస్తూ వచ్చి వరండా నిండా నిలబడ్డారు. ప్రతి చేతికీ దారపు గాజులు. ప్రతి మెడలోనూ క్యాలెండరు పూసలు. సుధామణి రంగుల వారీగా సర్దుకున్న సరుకు ఇప్పుడు ఇళ్ళ వారీగా సర్దుకుని నిలబడింది.

"సుధామణి ఏదీ? పిల్లని సూసుకోమను" అంది అప్పలమ్మ.

డా సాన్ యీ గారు అరటితొక్క బల్ల మీద పెట్టి లేచింది. నీళ్ళు కారుతున్న అప్పలమ్మ చెయ్యి పట్టుకుని, తన తెల్ల చేతిరుమాలుతో గాజును గట్టిగా రుద్దింది. తులసమ్మ మెడలోని పూసను గోటితో నొక్కింది. చిన్నమ్మి చెవి పట్టుకుని జూకా పిండి చూసింది. రుమాలు తెల్లగానే ఉంది.

"ఎంతసేపయింది ఇవి తడిసి?" అని అడిగింది.

"ఇల్లిల్లూ తిరగొద్దా అమ్మా? గంట పైనే అయ్యుంటాది" అని అప్పలమ్మ బర్మా భాషలోనే జవాబిచ్చింది.

"సుధామణీ, ఇటు రా" అంది డా సాన్ యీ. "ఒక అర చాలదు. రెండు తీసుకో. వచ్చే నెల మొదటివారానికి నింపాలి."

సుధామణి గోడ దగ్గర నుంచి లేచింది. ఆ సంతోషంలోనూ ముందు ఆమెకు గుర్తొచ్చింది సరుకే. "మరి ఇయ్యన్నీ తీసిచ్చెయ్యండమ్మా" అంది ఆడవాళ్ళతో.

"సుబానికి ఏసుకున్న గాజులు తీస్తామేటే?" అని తులసమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. డా సాన్ యీ గారు కూడా తియ్యొద్దనేసింది. ఇంతమంది వేసుకుని తిరుగుతుంటే తన దుకాణానికి బోర్డు కూడా అక్కర్లేదట.

ఇక మూసుకున్నది చాలనుకుని సత్తిబాబు నోరు విప్పాడు. "సుబం ఏటి పెద్దమ్మా? అయ్యి వానకి తడిసిపోతాయని మీ ఇంట్లో పెట్టినాం. అంతే."

అప్పలమ్మ మొహం చిన్నబోయింది. అందరూ దేవి వైపు చూశారు. దేవి మెళ్ళోని నీలం దండను గుప్పిట్లో పట్టుకుంది.

"వానకే పెట్టినారేమో గానీ మామ్మా, నానీ దండ తియ్యను" అంది మెల్లిగా. అని, గుంపు వెనక గొడుగు కింద నక్కిన కృష్ణకుమార్‌ను చూసింది. కృష్ణకుమార్ వానను చాలా శ్రద్ధగా పరిశీలించసాగాడు.

సుధామణి తమ్ముడి ఇస్త్రీచొక్కా చూసింది, నుదుటి బొట్టు చూసింది. ఆ పొద్దున్న మొదటిసారి నవ్వింది. "అయితే పళ్ళాలు మల్లీ నింపాల. పెద్దమ్మా, లోపలికి రండి" అంది.

గుడ్డ ఎగిరిపోకుండా ఉండడానికి కొబ్బరికాయకు బదులు గులకరాయి పెట్టినా సరిపోయేదన్న సంగతి సత్తిబాబుకు బుధవారం మధ్యాహ్నం వర్క్‌షాపులో బోల్టు బిగిస్తుండగా తట్టింది.