కోచబాంబాకి ఏడే గంటలు

"ఏడు గంటలే! ఆరింటికి బయల్దేరితే ఒంటిగంటకి కోచబాంబాలో ఉంటాం. పెళ్లి మూడింటికి కదా," అన్నాడు నికనోర్, మూడంతస్తుల కేకు పెట్టెను జీపు వెనక సీట్లో పసిబిడ్డలా కూర్చోబెడుతూ.

"రోడ్డు మూసేశారుగా మీవాళ్లు?" అంది భార్య ఓర్తెన్సియా.

"మూయించింది నేనే. నాకే అడ్డం పెడతారటే?"

లా పాస్ డ్రైవర్ల సంఘానికి నికనోర్ కార్యదర్శి. గుంతలు పూడ్చేదాకా రాస్తారోకో అని పిలుపిచ్చింది ఆయనే. "నాయకుడైనా సరే, దాటడానికి వీల్లేదు" అన్న వాక్యమూ ఆయన సొంతమే. సభలో దానికి చప్పట్లు బాగా పడ్డాయి. ఇక ఆ దేశపు పెళ్లిళ్లలో ఒక్కో వస్తువుకీ ఒక్కో పెద్దమనిషి పూచీ. కేకు తెస్తానన్న పెద్దమనిషి తేకపోతే మళ్లీ ఆ గడప తొక్కలేడు.

తొమ్మిదింటికి కారకోయో కూడలిలో రాళ్ల వరస ఎదురైంది. దాని ముందు బస్సు యజమానురాలు కసిల్దా హాజరు పుస్తకం పట్టుకుని కూర్చుంది.

"వచ్చారా అన్నా! సంతకం పెట్టి, ఆ రాయి మీద కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా. కోచబాంబా వెళ్లాలి."

"అక్కడెవరున్నారు? రోడ్ల మంత్రిగారా?"

మంత్రిగారు ఆ పూట నిజంగానే కోచబాంబాలో ఉన్నారు. నికనోర్ గుటక మింగడం నలుగురూ చూశారు.

"ఆ పెట్టెలో ఏంటి?"

"కేకు."

"మంత్రికి కేకు పట్టుకెళ్తున్నాడర్రోయ్! లోపల ఒప్పందం కాగితాలుంటాయి, కోసి చూడండి!"

పై అంతస్తులో క్రీము తప్ప ఏమీ దొరకలేదు. రెండోదాన్ని న్యాయం కోసం కోశారు. మూడోదాన్ని ఆకలేసి కోశారు.

పరువు పోతోందని నికనోర్ రాయెక్కాడు. "ప్రభుత్వం దిగొచ్చిందని ఎవడు చెప్పినా నమ్మకండి! చివరికి నేను చెప్పినా నమ్మకండి!" అని గర్జించాడు. మూతికి క్రీము అంటినవాళ్లే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

అంతలో ఫోను మోగింది. మంత్రిగారి కార్యదర్శి. డిమాండ్లన్నీ ఒప్పుకున్నారట, సోమవారం నుంచే పనులట, రోడ్డు వదలమన్నారట.

"గెలిచాం! రాళ్లు తీయండి!" అని నికనోర్ గంతేశాడు.

కసిల్దా కదల్లేదు. "మీరు చెప్పినా నమ్మొద్దన్నారుగా!"

"నేనే చెబుతున్నాను కదమ్మా!"

"అందుకే."

సాయంత్రం దాకా బతిమాలాడు, తిట్టాడు, దణ్ణాలు పెట్టాడు. పెళ్లయ్యాక, ఐదింటికి పెళ్లికూతురి తల్లి రెమెదియోస్ ఫోన్ చేసింది.

"కేకేది అన్నయ్యా? పిల్ల చాకు పట్టుకుని నిలబడింది."

"దారిలో ఉందమ్మా," అన్నాడు.

ఓర్తెన్సియా ఫోను లాక్కుంది. "దారిలోనే ఉంది వదినా. నలభైమంది కడుపుల్లో."

అవతల్నించి నింపాదిగా జవాబొచ్చింది: "పోన్లే. పక్క హాల్లో మంత్రిగారి మీటింగుట. మన కేకు రాలేదని తెలిసి వాళ్ల కేకు పంపిస్తామన్నారు. కేకు పెద్దమనిషిగా ఆయన పేరే చదివిస్తాం."

నికనోర్ ఓ రాయి చూసుకుని కూలబడ్డాడు. రాస్తారోకో గెలిచిందని రాస్తారోకో చేసేవాళ్లను ఒప్పించడానికి ప్రభుత్వానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.