వాసన పోయినప్పుడు

పదింటికి సన్మానం, పదకొండింటికి శాలువా, పన్నెండున్నరకి భోజనం. మధ్యాహ్నం రైలెక్కి సామర్లకోటలో దిగితే సాయంత్రం కాఫీ ఇంట్లోనే. పొద్దున్నే జయపాల్ వేసుకున్న లెక్క ఇది. ముప్పై ఏళ్లు నడిసముద్రంలో చమురు బావులు తవ్వించిన మనిషి. రిటైరయ్యాక, ఆ బావుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ అధికారులకు పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. మధ్యాహ్నం క్లాసుల్లో వాళ్లు గుర్రుపెట్టడం కళ్లారా చూసినవాడు కనుక, తన పాఠం ఒక్కరి బుర్రకైనా ఎక్కిందా అన్న దిగులు ఆయన్ని తొలిచేస్తూనే ఉంది. అది శాలువా కప్పితే పోయే దిగులు కాదు.

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద హాలు. బయట పొగమంచుకి ఏరు కనబడటం లేదు, ఎదురుగా ఉన్న రోడ్డు కూడా సగమే ఉంది. లోపల కిటికీ తెరలన్నీ దించి, ఆయన పాఠాల వీడియో వేశారు. మెడలో గంధపు మాల పడింది. అప్పుడే ఎక్కడినుంచో కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది.

ముందు వరుసలో ఉన్న తనిఖీ అధికారి ఉషారాణి ముక్కు ఎగబీల్చింది. "సార్, విషవాయువుకి ఇదే వాసనని చెప్పారు కదండీ?"

"వంటింట్లోంచేమోనమ్మా, కంగారు పడకండి," అన్నాడు జయపాల్.

అందరూ సర్దుకుని కూర్చున్నారు. రెండు నిమిషాల్లో వాసన పోయింది. సరిగ్గా అప్పుడే తెరమీది జయపాల్ వేలెత్తి చెప్పాడు: "వాసన వస్తే భయపడండి. వచ్చిన వాసన ఉన్నట్టుండి పోతే ఇంకా భయపడండి. అప్పుడు గాలి బాగుపడినట్టు కాదు, మీ ముక్కు చచ్చిపోయినట్టు. తరవాత వంతు మీదే."

నలభై మంది ఒక్కసారిగా గాలి పీల్చారు.

"ఏ వాసనా రావట్లేదండీ!" వెనక వరుసలోంచి ఎవరో అరిచారు.

"ఫోన్లు తీయకండి, ఒక్క నిప్పురవ్వ చాలు. పరుగెత్తకండి. గాలికి అడ్డంగా నడవండి," అంది ఉషారాణి.

ఆ కేకలకి బయటున్న వాచ్‌మన్ కరెంటు మెయిన్ పీకేశాడు. తెరమీది జయపాల్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే మాయమైపోయాడు. జయపాల్ "ఆగండీ!" అని మైకులో అరిచాడు గానీ, మైకు ఎప్పుడో చచ్చింది. మంచినీళ్ల సీసాలతో తడిపిన రుమాళ్లు ముక్కులకి అడ్డం పెట్టుకుని, నలభై నీడలు ఒకదాని వెనక ఒకటి మంచులో కలిసిపోయాయి.

చీకట్లో ఒంటరిగా మిగిలిన జయపాల్ ముందు పొంగిపోయాడు. వెధవలు, నిద్రపోతూనే విన్నారన్నమాట! అంతలోనే అనుమానం వచ్చింది. వాళ్ల భయమే నిజమైతే? మాలెత్తి గట్టిగా వాసన చూశాడు. గంధం వాసన లేదు. మళ్లీ చూశాడు. అస్సలు లేదు. లేవబోతే కాళ్లు లేవలేదు.

"ముప్పై తొమ్మిది... నలభై..." మంచులోంచి ఉషారాణి గొంతు వినబడింది. "ఒకరు తక్కువండీ!"

'ప్రభువా, ఆ ఒక్కణ్ణీ నేనే!' అనుకున్నాడు జయపాల్.

వేదిక వెనక తలుపు కిర్రుమంది. ముఖమంతా తెల్లటి ముసుగుతో ఒక ఆకారం చీకట్లో నెమ్మదిగా ఆయన మీదికి వంగింది.

"మీరొక్కరే ఉండిపోయారేంటండి?"

వంటమనిషి వీరవేణి. ముక్కుకి చీరకొంగు చుట్టుకుంది.

"గుడ్ల అట్టలో సగం కుళ్లిపోయాయండి. కంపు భరించలేక గోతిలో పూడ్చేసొచ్చానండి, ఆయ్."

"మరి ఈ మాలకి వాసన లేదేంటమ్మా?"

ఆవిడ గోటితో గిల్లి చూసింది. "గంధమేంటండి బాబూ, ఉత్త చెక్కపొట్టండి ఇది!"

జయపాల్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గోడ పట్టుకుని బయటికి వెళ్లేసరికి నలభై మందీ గట్టు మీద వరసగా నిలబడి ఉన్నారు. ఇంతకంటే సన్మానం ఇంకేం కావాలి? చేతులు జోడించి, గుడ్ల సంగతి చెప్పాడు. అందరూ నవ్వారు, ఉషారాణి తప్ప. ఆమె అప్పటికే కాగితం తీసింది.

"హెచ్చరిక చేశాక కూడా లోపలే ఉండిపోయారు సార్. కారణం?"

"కాళ్లు ఆడలేదమ్మా."

"అలాగే రాస్తున్నానండి. గుడ్లయినా, గ్యాసయినా రూలు రూలేనని మీరే చెప్పారు కదండీ."

బయటికి రానివాళ్లు వచ్చే నెల భద్రతా శిక్షణకి విధిగా హాజరు కావాలని కాగితంలో ఉంది. ఆ క్లాసు చెప్పేది జయపాలే కనుక, హాజరుకి ఇబ్బందేమీ లేదు.