శూలపాణి గారి మోదుగాకులు

ఒక పెద్ద అడవిలో, వాగు మలుపు తిరిగే చోట ఒక మట్టికట్ట ఉండేది. కట్టకి ఎగువన నీళ్లు, దిగువన బొరియలు, బొరియల నిండా సంసారాలు. ఆ నీళ్లు ఆ సంసారాల జోలికి పోకుండా చూడడానికి జంతువులన్నీ కలిసి ఒక కచేరీ పెట్టుకున్నాయి. కచేరీ అన్నాక అధికారి ఉండాలి కదా. శూలపాణి గారనే ముళ్లపందిని అధికారిగా వేసుకున్నాయి.

శూలపాణి గారు చెడ్డవారేం కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ సగానికి వచ్చేసరికి మీకు అనుమానం కలగొచ్చు. ఆయనకి లంచం తెలీదు, ఆలస్యం తెలీదు, సెలవు అసలే తెలీదు. ఆయనకి తెలిసిందల్లా ఆకు.

ఆయన పద్ధతి ఇదీ. పొద్దున్నే గుమాస్తా తాయారమ్మ, అంటే ముంగిస, ఆ రోజు చేయాల్సిన పనుల్ని ఒక్కో మోదుగాకు మీద ఒక్కోటి రాసి, ఆయన ముళ్లకి గుచ్చేది. పని అయిపోగానే ఆ ఆకు పీకి బుట్టలో పడేసేది. సాయంత్రానికి ఒంటి మీద ఒక్క ఆకూ మిగలకూడదు. ఆయన నడిచొస్తుంటే విస్తళ్ల కట్ట నడిచొస్తున్నట్టు గరగరమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే కచేరీలో అందరూ కబుర్లాపి తలలు దించుకునేవారు. అది తన మీద గౌరవం అనుకునేవారు ఆయన.

వేసవి చివర్లో ఒకనాడు నీటికుక్క నీలాద్రి కచేరీకి వచ్చాడు. కట్ట కింద తూము కాపలా అతనిది. వాగు పోటెత్తినప్పుడు నీళ్లలో మునిగి, తూముకి అడ్డంగా ఉన్న రాయి తీసి, ఎక్కువైన నీటిని పక్కలోయలోకి వదిలేవాడు. అడవి మొత్తం మీద ఆ పని తెలిసినవాడు అతనొక్కడే.

"అయ్యగారూ, ఒక్క మాట," అన్నాడు నీలాద్రి.

"నడుస్తూ చెప్పు," అన్నారు శూలపాణి గారు.

"వానలు మొదలయ్యే నాటికి నా ఉద్యోగం అయిపోద్దండి. రాయి తియ్యటం ఎవరికన్నా నేర్పాల. అప్పగింత మీ ఎదురుగానే జరగాలని రూలంట గదా. మీరొక్క పూట కట్ట మీదకొస్తే సూపిస్తాను."

"పూట ఎందుకయ్యా? రాసిచ్చేయ్."

"రాస్తే వచ్చేది కాదండి. నీళ్లలో సెయ్యెట్టి సూడాల. ముందు రాయిని లోపలికి నొక్కాల, అప్పుడు నీళ్లు ఒక నిట్టూర్పు ఇడుస్తాయి..."

శూలపాణి గారి చూపు అప్పటికే భుజం మీది పద్నాలుగో ఆకు మీదికి వెళ్లిపోయింది. నిట్టూర్పు దాకా విన్నారు, ఆ తర్వాతది వినలేదు. "తాయారమ్మా, ఒక ఆకు రాయి. నీలాద్రితో కట్ట మీద, ఒక పూట," అనేసి వెళ్లిపోయారు.

తాయారమ్మ రాసింది, గుచ్చింది. కానీ ఒక పూట పట్టే పని ఒకటి చేసే సమయంలో చిన్న పనులు పాతిక అవుతాయి. పాతిక ఆకులు రాలితే ఒళ్లు తేలికవుతుంది, మనసు తేలికవుతుంది. అందుకని ఆ ఒక్క ఆకూ మర్నాటికి వాయిదా పడేది, ఎల్లుండికి పడేది. అది రోజూ కళ్లబడుతుంటే ఆయనకి ప్రాణం ఉసూరుమనేది. చివరికి తాయారమ్మే ఉపాయం ఆలోచించి దాన్ని తోక వైపు గుచ్చడం మొదలుపెట్టింది. అక్కడ ఆయనకి కనబడదు.

నీలాద్రి మాత్రం రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఒంటి మీద నీళ్లు కారుతూ కారుతూ ఆరిపోయేవి. ఆరిపోయాక వెళ్లిపోయేవాడు.

ఇలా ఉండగా పై అధికారి ఏనుగు గారి దగ్గరనుంచి ఉత్తర్వు వచ్చింది. 'అధికారులు సిబ్బందితో ఆత్మీయంగా మెలగవలెను. వారమునకు ఒకసారి ప్రతి ఒక్కరినీ పలకరించవలెను. పలకరింపబడిన వారి సంఖ్య తెలుపుతూ నివేదిక పంపవలెను.'

ఆత్మీయత అంటే ఏమిటో శూలపాణి గారికి అంతవరకూ సరిగ్గా తెలీదు. సంఖ్య అనే మాట చూశాక తెలిసిపోయింది. ఆ సాయంత్రమే మూడు ప్రశ్నలు తయారుచేశారు. బాగున్నావా, ఇంట్లో అందరూ బాగున్నారా, పని ఎలా ఉంది. జవాబు రాసుకోవడానికి రిజిస్టరులో ఒక గడి గీయించారు. ఆ గడిలో 'బాగుంది' అనే మాట సరిగ్గా పడుతుంది, ఇంకో అక్షరానికి చోటు లేదు.

సోమవారం అందరినీ వరసలో నిలబెట్టారు. నీలాద్రి వంతు వచ్చింది.

"బాగున్నావా?"

"బాగానే ఉన్నానండి. ఆ తూము సంగతి..."

"ఇంట్లో అందరూ బాగున్నారా?"

"ఉన్నారండి. మబ్బులు కొండెక్కుతున్నాయి. ఒక్క పూట మీరొస్తే..."

"పని ఎలా ఉంది?"

"దాని గురించే సెప్పబోతున్నానండి."

"బాగుంది అని రాసుకో తాయారమ్మా," అన్నారు శూలపాణి గారు. అంతలో ఆయనకి ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "నీలాద్రితో కూర్చోవాలని ఒక ఆకు ఉండాలే, అదెక్కడుంది?"

"తోక దగ్గరుంది సార్."

"మాట్లాడాం కదా ఇప్పుడు. పీకెయ్."

తాయారమ్మ ఒక్క క్షణం నీలాద్రి మొహంలోకి చూసింది. తర్వాత ఆకు పీకి బుట్టలో వేసింది. ఇన్నాళ్లకి శూలపాణి గారు హాయిగా ఒళ్లు విదుల్చుకున్నారు.

వారం తిరిగేసరికి నీలాద్రికి వీడ్కోలు సభ జరిగింది. అదీ ఒక ఆకే. ఐదు నిమిషాలు. శూలపాణి గారు దండ వేసి, సేవలు మరువరానివన్నారు. ఏం సేవలో మాత్రం చెప్పలేదు. నీలాద్రి ఆ దండ తీసి చేతిలో పట్టుకుని, "ఇప్పటికైనా ఒక్క పూట..." అన్నాడు. అప్పటికే ఆయన తర్వాతి సభకి బయల్దేరారు. దూరంనుంచి గరగర మాత్రం వినిపించింది. నీలాద్రి వాగు వెంబడి కిందికి, తన కూతురుండే మడుగుకి వెళ్లిపోయాడు.

మూడో వారంలో వాన పట్టుకుంది. రెండు రోజులు వదలకుండా కురిసింది. మూడో రోజు మధ్యాహ్నానికి నీళ్లు కట్ట అంచుకి జానెడు దిగువకి వచ్చాయి.

"తూము ఫైలు తీయండి," అన్నారు శూలపాణి గారు.

తాయారమ్మ తీసింది. అందులో ఒకటే వాక్యం ఉంది. 'తూము తీయుట: నీలాద్రి చూచుకొనును.' కింద శూలపాణి గారి సంతకం.

ఆయన పరిగెత్తారు. ఇది ఆయన పక్షాన చెప్పాల్సిన మాట, ఇంకొకర్ని పంపలేదు. ముప్పై ఆకులతో అలాగే నీళ్లలో దూకారు. రాయి చేతికి తగిలింది. ముందు నొక్కాలన్నాడు, అది గుర్తుంది. నొక్కారు. నీళ్లు నిట్టూరుస్తాయన్నాడు, అది ఎలా ఉంటుందో తెలీదు. తర్వాత ఎటు లాగమన్నాడు? ఎడమకా, కుడికా? ఎంత తలబాదుకున్నా ఆయనకి గుర్తొచ్చింది పద్నాలుగో ఆకొక్కటే. అందులో కచేరీ గుమ్మానికి తోరణం మార్చాలని రాసుంది. రాయిని తిన్నగా లాగారు. అది బిగుసుకుపోయింది.

అరగంటలో కట్ట తెగింది. బొరియలన్నీ కొట్టుకుపోయాయి, కచేరీ కొట్టుకుపోయింది. పూర్తయిన పనుల బుట్టలోని ఆకులన్నీ నీళ్ల మీద బారులు తీరి పోయాయి.

శూలపాణి గారు బురదలో పాక్కుంటూ గట్టెక్కి చూస్తే, దిగువవాళ్లంతా పిల్లాజెల్లాతో అప్పటికే గుట్ట మీద ఉన్నారు. ఒక్క ప్రాణమూ పోలేదు. తన భార్యా పిల్లలూ అక్కడే ఉన్నారు.

"మీకెవరు చెప్పారు?" అని అడిగారు భార్యని.

"నీలాద్రి అన్నయ్య వెళ్లే రోజున ప్రతి బొరియ దగ్గరా ఆగి చెప్పి వెళ్లాడు. ఈ ఏడు నీళ్లు లేస్తే కచేరీ కబురు కోసం చూడొద్దు, గుట్టెక్కండి అని. ఆ సాయంత్రమే మీతో అనబోయాను. రాసి పెట్టమన్నారు," అందావిడ.

శూలపాణి గారికి ఏడుపొచ్చింది. ముళ్లున్నవాళ్లకి ఏడుపు రాదనుకోకండి. దగ్గరికి తీసుకుని ఓదార్చడమే కొంచెం కష్టం.

పది రోజులకి ఏనుగు గారు విచారణకి వచ్చారు. ఏనుగు గారు కట్టని చూడలేదు, తన దగ్గరున్న నివేదికల్ని చూశారు. పనులు నూటికి నూరు పాళ్లు పూర్తి. పలకరింపులు నూటికి నూరు. 'తూము: బాగుంది' అని తూము కాపలాదారు నోటి జవాబే రాసుంది. అలాంటప్పుడు తప్పు అధికారిది ఎలా అవుతుంది? శూలపాణి గారికి ఉత్తమ అధికారి బిరుదూ, మూడు వాగుల పెద్దరికమూ ఇచ్చారు. బాధ్యతలు అప్పగించకుండా వెళ్లినందుకు నీలాద్రికి నోటీసు రాశారు. అడవిలో చోటు ఎందుకు రద్దు చేయకూడదో తెలపమన్నారు.

శూలపాణి గారు ఆ రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే వెళ్లి ఏనుగు గారి దారిలో నిలబడ్డారు. "అయ్యా, ఒక్క మాట. ఆ నోటీసు..."

"ఆఁ, శూలపాణీ. బాగున్నావా?"

"బాగానే ఉన్నానండి. తప్పు నీలాద్రిది కాదు..."

"ఇంట్లో అందరూ బాగున్నారా?"

"అతను నెల్లాళ్లు నా గుమ్మం దగ్గర..."

"పని ఎలా ఉంది?"

శూలపాణి గారు నోరు తెరిచారు.

"బాగుంది అని రాసుకోండి," అంటూ ఏనుగు గారు సాగిపోయారు. మూడు ప్రశ్నల పద్ధతి ఆయనకి ఎంత నచ్చిందంటే, అడవి మొత్తానికీ అమలు చేశారు.

శూలపాణి గారు కొత్త కచేరీకి వచ్చి కూర్చున్నారు. "తాయారమ్మా, ఒక ఆకు రాయి. నీలాద్రి దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పుకోవాలి. ఒక పూట. ముందు వైపే గుచ్చు, కళ్లెదురుగా ఉండాలి."

తాయారమ్మ రాసింది. ఆకు పట్టుకుని ఆయన చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"ముందంతా మూడు వాగుల పనులే సార్. తోక దగ్గర ఖాళీ ఉంది," అంది.

నీతి: తోటివాళ్లతో మాట్లాడడానికి తీరిక లేదని ఏ అధికారీ దిగులు పడనక్కర్లేదు, కొన్నాళ్లు ఓపిక పడితే గుమ్మం దగ్గర నిలబడేవాళ్లే ఉండరు.