సంఘం ఆమోదించిన మేక

తమ తెలుగు బడి తెరిచిన మొదటి రోజున పిల్లలకు ఒక కథ చదివి వినిపించాలని ఒడిశాలోని రాయగడ తెలుగు శ్రేయోభిలాషుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవం సాధించడం పెద్ద కష్టం కాలేదు. సంఘంలో నోరు విప్పే సభ్యులు ముగ్గురే. ఆ ముగ్గురికీ తెలుగంటే ప్రాణం. ఆ ముగ్గురి మనవలూ ఇంగ్లీషు బళ్ళో చదువుతున్నారు.

తీర్మానానికి కారణం లేకపోలేదు. కిందటేడు మొదటి రోజున పిల్లలకు ఉపన్యాసాలు వినిపించారు. పిల్లలు ఏడ్చారు. గేటు బయట ఇంగ్లీషు బడి వ్యాను ఒకటి గులాబిరంగు బుడగలు కట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చినవాళ్ళలో సగం మంది మధ్యాహ్నానికల్లా అందులోకి చేరిపోయారు. ఈ ఏడు కూడా ఒకటో తరగతి నిలవకపోతే బడి మూసేసి, ఆ గదులను పక్కనున్న సంఘం వారి కల్యాణ మండపానికి భోజనశాలగా కలిపేస్తామని అధ్యక్షులు శ్రీహరిగారు ప్రకటించారు. తెలుగువాళ్ళ కడుపు నింపడం కూడా భాషాసేవేనని కొందరు మెచ్చుకున్నారు.

ఒకటో తరగతి టీచరు రామతులసి మాత్రం మెచ్చుకోలేకపోయింది. ఆ గదిలోనే ఆమె అ ఆలు దిద్దింది. అక్కడ విస్తళ్ళు పరవనివ్వకూడదనుకుంది. వేసవి సెలవులంతా కూర్చుని సొంతంగా ఒక కథ అల్లింది.

గుణుపురంలో ఒక మేక ఉంది. దానికి ఉప్పంటే మహా ఇష్టం. నౌపడా అవతల కనుచూపు మేరా ఉప్పునీళ్ళేనని ఎవరో అనుకుంటుంటే విని, నాక్కుందామని బయల్దేరింది. దారిలో కొట్టు ముందున్న పప్పు బస్తా సగం ఖాళీ చేసింది. కొట్టాయన కర్ర పట్టుకుని తరిమితే పరుగెత్తి రైలెక్కింది. టిక్కెట్టు అడిగిన టీసీ చేతిలోని రసీదు పుస్తకం నమిలేసింది. ఆపైన కిటికీలోంచి తల బయటపెట్టి గాలి వాసన చూసుకుంటూ సముద్రం వైపు వెళ్ళింది. వీధిలో పిల్లలకు చెప్పి చూస్తే నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని విన్నారు. రామతులసికి ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చినవాళ్ళు మామూలుగా చేసే పొరపాటే ఆమె కూడా చేసింది. కథను ఆమోదం కోసం సంఘానికి సమర్పించింది.

సంఘం ఎంతో సంతోషించి, ఆ రోజే ‘సముద్రానికి వెళ్ళిన మేక’ అని పెద్ద ఫ్లెక్సీ వేయించింది. కథను చదవడం మరుసటి ఆదివారం మొదలుపెట్టింది.

ముందుగా కార్యదర్శి శంకరరావుగారు కళ్ళజోడు తీశారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. జీవితమంతా పాసు మీద తిరిగారు కనుక టిక్కెట్టు విలువ ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

“తల్లీ, కత బాగుంది. మరి టిక్కెట్టేదీ?” అన్నారు.

“మేక కదండీ,” అంది రామతులసి.

“మేకైతే ఎనకాల సామాన్ల బ్రేకువానులో బుక్ సెయ్యాల. ఒకటో తరగతిలోనే టిక్కెట్టు లేకండా రైలెక్కడం నేర్పీస్తే, పదో తరగతికి వచ్చీసరికి ఏటౌతారు ఈళ్ళు?”

మేకను బుక్ చేయడానికి యజమాని సంతకం కావాలి. కథలో యజమాని లేడు. ఈ సాంకేతిక ఇబ్బంది దృష్ట్యా మేక రైలెక్కకూడదని నిర్ణయించారు. టీసీ తనంతట తానే రద్దయ్యాడు.

తర్వాత శ్రీహరిగారు గొంతు సవరించుకున్నారు. పప్పు, బెల్లం టోకు వ్యాపారం వారిది.

“నానేటీ అనను గానమ్మా, కర్ర పట్టుకుని తరిమే కొట్టాయనంటే ఊరందరికీ ఎవులు గుర్తొస్తారు? నువ్వే సెప్పు.”

నిజానికి ఎవరికీ ఎవరూ గుర్తురాలేదు. ఆయన అడిగిన తర్వాత అందరికీ ఆయనే గుర్తొచ్చారు. కనుక కొట్టాయన కర్ర పారేసి, చిరునవ్వుతో, సరసమైన ధరకు నాణ్యమైన పప్పు అమ్మేట్టు సవరించారు. మేక దగ్గర డబ్బులుండవు కనుక అది పప్పు చూసి ఆనందించి వెళ్ళిపోతుంది.

మూడో సభ్యులు గిరీష్‌గారు. సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవారు. భద్రత వారి రక్తంలో ఉంది; ఇంట్లో పూజకు అగరొత్తి వెలిగించినా పక్కన బకెట్టుతో ఇసక పెట్టుకుంటారు. కిటికీలోంచి తల బయటపెట్టడం మీద ఆయన చాలాసేపు మాట్లాడారు. మేక రైలే ఎక్కలేదని గుర్తుచేస్తే, ఎక్కనప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలన్నారు. మేక ప్లాట్‌ఫారం మీద పసుపు గీతకు ఇవతల నిలబడాలని ఆయన ప్రతిపాదన. ఆమోదించారు.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. శంకరరావుగారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

“నౌపడా ఎక్కడుంది? ఆంధ్రాలో. ఆ రోజుకి బ్లాకాఫీసు నుంచి ఆఫీసరుగారొస్తన్నారు. ఇక్కడ గడ్డి తిని మేక ఆంధ్రాకి ఎల్లిపోనాదంటే, మన గురించి ఏటనుకుంటారు?”

గది చల్లబడింది. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళు కూడా ఒక్కసారి కాగితం మీది మేక వంక అనుమానంగా చూశారు. ఒడిశాలోనే ఉన్న గోపాల్‌పూర్‌ పంపిస్తే పోదా, సముద్రం సముద్రమేగా అన్నారు శ్రీహరిగారు. గుణుపురం నుంచి రైలు పట్టాల వెంట అక్కడికి నడిచిపోవాలన్నా ఆంధ్రాలోకి దిగి మళ్ళీ పైకెక్కాలని శంకరరావుగారు వేళ్ళ మీద స్టేషన్లు లెక్కపెట్టి చూపించారు. దేశభక్తి గల మేకకు సముద్రం చేరే మార్గం లేదని తేలిపోయింది. కనుక కథ చివరి పేజీ ఎవరూ చదవలేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. రామతులసి ఇంటికి వచ్చి, తిండి సయించక, ఆమోదిత ప్రతిని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు.

బడి తెరిచారు. సన్నగా వాన పడుతోంది. గేటు బయట వ్యాను బుడగలతో సిద్ధంగా ఉంది. లోపల ఫ్లెక్సీ మీద మేక అలల మధ్య నిలబడి నవ్వుతోంది. ఖర్చు అయిపోయింది కనుక దాన్ని మార్చలేదు. మాతృభాష మీద మూడు ఉపన్యాసాలు అయ్యాయి. రామతులసి చదివితే అభినయం చేరే ప్రమాదం ఉందని, కథను శ్రీహరిగారే స్వయంగా చదివారు.

“గుణుపురంలో ఒక మేక కలదు. అది నాణ్యమైన పప్పు చూసి ఆనందించెను. పిమ్మట స్టేషనుకు పోయి పసుపు గీతకు ఇవతల నిలబడెను. రైలు వచ్చెను. రైలు పోయెను. మేక ఇంటికి పోయెను. నీతి: ఎక్కడివారు అక్కడ ఉండవలెను.”

చప్పట్లు కొట్టి, పెద్దలంతా ఆఫీసరుగారిని వెంటబెట్టుకుని పక్క వరండాలోకి ఉప్మాకి వెళ్ళారు.

ముందు ఒకటో తరగతిలో కొత్తగా చేరిన ధనశ్రీ ఏడుపు లంకించుకుంది. ఆ పిల్లను చూసి మిగతావాళ్ళు. ధనశ్రీ నాయనమ్మ సింహాచలమ్మ కొంగుతో ముక్కు తుడుస్తూ, “ఊరుకోయే అమ్మీ,” అని రెండుసార్లు అని, మూడోసారి సంచీ అందుకుంది. బయట వ్యాను హారను మోగింది. ఇంకో ఇద్దరు తల్లులు లేచారు.

రామతులసికి భయం కంటే కోపం ఎక్కువగా వచ్చింది. ఆమోదిత ప్రతిని మడిచి బల్ల కింద పడేసి, “మేక ఇంటికి పోలేదు,” అంది.

ధనశ్రీ ఏడుపు ఆపకుండానే ఆమె వంక చూసింది.

“ఇంటికి పోయినట్టు నటించింది. శ్రీహరిగారు అటు తిరగ్గానే, పప్పు బస్తా సగం తినేసి, గబుక్కున రైలెక్కేసింది.”

“టిక్కెట్టో?” అంది సింహాచలమ్మ, సంచీ చేతిలో ఉండగానే.

“టిక్కెట్టు లేదు. టీసీ వచ్చి, ఏదీ చూపించు అన్నాడు. చూపించడానికి ఏమీ లేక, ఆయన పుస్తకమే తినేసింది.”

సింహాచలమ్మ సంచీ కింద పెట్టి, కాళ్ళు బారచాపుకుని కూర్చుని, “ఊఁ,” అంది. తల్లులు కూర్చున్నారు. పిల్లలు ఎక్కిళ్ళ మధ్య నవ్వారు. వ్యాను ఇంకోసారి మోగింది, మరోసారి గట్టిగా మోగింది. కథలో మేక కిటికీలోంచి తల బయటపెట్టేసరికి, వ్యాను బుడగలతో సహా వేరే వీధికి వెళ్ళిపోయింది.

నవ్వులు విని పెద్దలు ఉప్మా ప్లేట్లతోనే పరుగున వచ్చారు. అప్పటికి కథ అయిపోయింది. ఆఫీసరుగారు ఫ్లెక్సీ వంక చూసి, “ఛెళి సముద్రకు గలా కి నాహి?” అని అడిగారు. మేక సముద్రానికి వెళ్ళిందా లేదా అని. ఆయన మొహంలో ఆంధ్రా మీద కోపం గాని, మేక మీద అనుమానం గాని లేవు. ఉన్నదల్లా కథ తెలుసుకోవాలన్న ఆత్రం. పిల్లలు ఆయన చుట్టూ చేరి, సగం ఒడియాలోనూ సగం తెలుగులోనూ చెప్పేశారు. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. ఏమి విని నవ్వారో సంఘానికి అర్థం కాలేదు.

సాయంత్రం శంకరరావుగారు ఒంటరిగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

“తల్లీ, ఊరికినే అడుగుతున్నాను. ఆ మేక ఏటైంది ఆకరికి?”

“ఇంటికి పోయిందండీ. మీరే కదండీ ఆమోదించారు,” అంది రామతులసి వినయంగా.

తర్వాత గిరీష్‌గారు వచ్చారు. చీకటి పడ్డాక శ్రీహరిగారు, ఎవరూ చూడకుండా, అరకిలో బెల్లంతో వచ్చారు. ముగ్గురికీ ఒకే సమాధానం చెప్పింది. వాళ్ళు ఇంటికి వెళ్ళి మనవల్ని అడిగి చూశారు గాని, ఆ మనవలకు మేక కథ తెలియదు. కొందరికి మేక అన్న మాటే తెలియదు. భోజనశాల ప్రతిపాదన వచ్చే ఏటికి వాయిదా పడింది.

మేక సముద్రం చూసిందో లేదో తెలుసుకోవాలని చదువరులకూ ఉండవచ్చు. అది ఇక్కడ రాయడానికి సంఘం అనుమతి లేదు. అయినా ఇబ్బందేమీ లేదు, తెలుగు బళ్ళో ఒకటో తరగతి చదివే పిల్లల్ని ఎవరినడిగినా చెబుతారు. మీ ఇంట్లో ఒకరుంటే పిలిచి అడగండి. లేకపోతే పక్కింటికి వెళ్ళండి. వాళ్ళూ అదే అడగడానికి మీ ఇంటికే బయల్దేరి ఉంటే, దారిలో కలుస్తారు.