మూడు మిల్లీమీటర్ల స్క్రూపై మురాకోషి దండయాత్ర

దక్షిణమున సురుగా సముద్రమును, ఈశాన్యమున మంచుకిరీటము దాల్చిన మహాపర్వతమును కావలి నిలుపుకొని, తేయాకు పరిమళమునకును బొమ్మబండ్ల పుట్టుకకును సరిసమానముగా పేరుమోసిన షిజుఓకా నగరమందు, నవంబరు మాసపు రెండవ ఆదివారము ఉదయమున, అన్నపు కుక్కరు తన పాట పాడి ఊరకున్న శుభముహూర్తమున, మురాకోషి తకేహారు అను ఏబదియొక్క యేండ్ల వీరుడు భోజనపుబల్లపై పాత వార్తాపత్రికను పరచి రణరంగమును సిద్ధపరచెను. ఆ రణమునే నేను గొంతు సవరించుకొని చెప్పుచున్నాను. మీ చేతిలోని టీ చల్లారకమునుపే వినుడు.

ఈ మహానుభావుడు తేయాకు కంపెనీలో సంచులకు ముద్రలు వేయించు శాఖకు ఉపాధికారి. కళ్ళజోడుపై మరొక కళ్ళజోడు ధరించు ద్విగుణోపనేత్రధారి. నేలపై కూర్చున్నచో లేచుటకు బల్లకాలి సాయము కోరు జానుపీడాపరాయణుడు. అతని యెదుట నాలుగు చక్రములపై మెరయుచుండెను రిమోటు మీటగనే గులకరాళ్ళపై గెంతు బగ్గీ యను బొమ్మబండి. పన్నెండవయేట కొత్త సంవత్సరపు కానుక డబ్బంతయు ఊడ్చిపెట్టి కొన్నది. ముప్పదితొమ్మిదేండ్లకు దానికి మరల యౌవనము వచ్చినది. పగిలిన రెక్క మారెను, స్ప్రింగులలో కొత్త నూనె పడెను, తొలినాటి మోటారు స్థానమున రెట్టింపు బలముగల మోటారు కూర్చుండెను.

ఇక మిగిలినది ఒకే ఘట్టము. వెనుకనున్న గేరుపెట్టెను విప్పి, లోపలి ప్లాస్టిక్కు ఉంగరములను తీసి, వాని చోట బాల్‌బేరింగులను పెట్టవలెను. పెట్టనిచో కొత్త మోటారు వేగమునకు ఆ ముసలి ఉంగరములు వెన్నవలె కరగిపోవును. పెట్టెను బంధించిన స్క్రూలు ఆరు. ఐదు లొంగినవి. లోతైన గుంటలో దాగిన ఆరవది మాత్రము కదలక మెదలక కూర్చుండెను.

ఆనాటి మధ్యాహ్నము రెండు గంటలకు అబె నది ఒడ్డున, ఏటేటివలె, చిన్ననాడు ఒకే తరగతిలో చదివిన మిత్రులు, మురాకోషితో కలిపి ఆరుగురు, తమ ముసలి బగ్గీలతో పందెమునకు కలియుదురు. గడచిన మూడేండ్లు మురాకోషి తన బగ్గీని ముక్కలుగా పెట్టెలో పెట్టుకొనియే వెళ్ళెను, పెట్టెతోనే తిరిగివచ్చెను. అందుచేత మంగలి వకసుగి అతనికి ‘పెట్టె’ అని నామకరణము చేసెను. మొన్న జుట్టు కత్తిరించుచు, కత్తెరను చెవిదగ్గర ఆడించుచు, ఆ వకసుగి ఇట్లనెను:

“ఏరా పెట్టె, ఈసారి కూడా మూతేసుకునే వస్తావా? పోనీలే, పరుగులు మేం పెడతాంగానీ, నువ్వు మూత తీసి చూపించు చాలు.”

మెడకు గుడ్డ, చెవికి కత్తెర. మురాకోషి నవ్వెను. కాని ఆ మాట లోపల గుచ్చుకొనెను. ఆ సాయంకాలము ఇంటికి నడచివచ్చుచు, ఈసారి బగ్గీ తిరుగకున్నచో ఇక ఆ ఒడ్డునకు పోనేపోనని అతడు నిశ్చయించుకొనెను. నిజముగనే బాధ పడెను, పాపము.

అట్టివాడు చేసిన పొరపాటు వినుడు. పోయిన నెలలో అతడు పండువంటి యెర్రని పిడులుగల జర్మనీ స్క్రూడ్రైవర్ల జతను కొనియుండెను. ఆ దేశపు ప్లస్సు మొన వేరు, జపాను స్క్రూ తలలోని ప్లస్సు గాడి వేరు. చూపునకు కవలలు, కలిసినచో దాయాదుల వైరము. ఈ రహస్యమును నిరుడు మిత్రులకు అరగంటసేపు ఉపన్యసించిన పండితుడు మురాకోషియే! అయినను ఆ యెర్రపిడి అందమునకు వశుడై, దానినే గుంటలో దించి, పండ్లు బిగించి త్రిప్పెను. కరకరమని యొక శబ్దము. మొన జారెను. గాడి నలిగెను. ప్లస్సు కాస్తా సున్నా కాబోయెను.

అప్పుడా వీరుడు “ఓరీ లోహాధమా! గుహాంతర్గత గర్వాంధా! నీ శిరమును గిరగిర త్రిప్పి నీ వంశమును నిర్మూలింపకున్న నా పేరు మురాకోషి కాదు!” అని గర్జింపదలచెను. ప్రక్కింటివారు నిద్ర లేతురేమోయని తలచి, “రావే తల్లీ, రా” అని గొణిగెను.

తల్లి రాలేదు. రబ్బరుబ్యాండు ముక్కను మొనకును గాడికిని నడుమ పెట్టి త్రిప్పెను, రబ్బరు చిరిగెను. నూనెచుక్క వేసెను, వ్రేళ్ళు జారెను. అంతట ఆ స్క్రూ మెడచుట్టు తెల్లని చారయొకటి కనబడెను. అది జిగురు! చిన్ననాడు డిపార్టుమెంటు స్టోరు డాబాపై జరిగిన పందెములో గేరుపెట్టె ఊడిపోగా, ఇక జన్మలో ఊడరాదని తానే ఆ గుంటలో జిగురు పోసెను. శత్రువు వేరెవరో కాదు, పన్నెండేండ్ల మురాకోషియే. తనను తాను తిట్టుకొనుటకు ఇంతకంటె తగిన కారణము లోకమున దొరకదు.

పగబట్టి టంకపుకడ్డీని వేడిచేసి, దాని మొనను స్క్రూ తలపై ఆనించెను. ప్లాస్టిక్కు కమరువాసన ఇల్లంతయు క్రమ్మెను. ఆ వాసననే దూతగా గ్రహించి వంటింటినుండి వెడలినది అతని ధర్మపత్ని చిజురు. పెండ్లికి పూర్వము పంకాల కర్మాగారమున పదునొకండేండ్లు వరుసలో నిలిచి స్క్రూలు బిగించిన మహావీరురాలు. ఆ సంగతి ఇన్నాళ్ళు ఎవరును ఆమెను అడుగలేదు, భర్తతో సహా.

ఆమె ముందు కిటికీ తెరచెను. పిదప గుంటలోనికి తొంగిచూచెను.

“దేనితో తిప్పారు?”

మురాకోషి యెర్రపిడిని చూపెను. ఆమె దానిని ప్రక్కకు నెట్టెను. వంటింటి సొరుగునుండి, మూకుళ్ళ పిడులు బిగించు పసుపురంగు పాత జపాను స్క్రూడ్రైవరును, నువ్వులు నూరు కర్రబండను తెచ్చి, బల్లయెదుట నిలువుగా నిలుచుండెను.

“మీరంతా తిప్పడమే పని అనుకుంటారు. ఏడు పాళ్ళు నొక్కాలి, మూడు పాళ్ళు తిప్పాలి. మాకు మొదటి రోజు నేర్పింది అదే. బండిని గట్టిగా పట్టుకోండి. అలా కాదు, బిడ్డను పట్టుకున్నట్టు కాదు, దొంగను పట్టుకున్నట్టు పట్టుకోండి.”

మొన నలిగిన గాడిలో దిగెను. కర్రబండతో పిడిపై రెండు దెబ్బలు పడగా, చావక మిగిలిన కొద్దిపాటి గాడిని అది కరచుకొనెను. చిజురు తన భారమునంతటిని దానిపై మోపి, ఊపిరి బిగబట్టి, మణికట్టును పిసరంత కదపెను. వేడికి మెత్తబడిన జిగురు టప్పుమని విడిచెను. పావు చుట్టు, అర చుట్టు, ఒక చుట్టు. ఆమె అక్కడ ఆగి, స్క్రూడ్రైవరును భర్త చేతిలో పెట్టెను.

“మిగతాది మీరు తియ్యండి. నాకు పొయ్యి మీద పులుసు ఉంది.”

బేరింగులు కూర్చుండెను, పెట్టె మూతపడెను, బగ్గీ రెండు గంటలకు నది ఒడ్డున చక్రములపై నిలిచెను. పందెమున మురాకోషి ఆరుగురిలో ఆరవవాడై వచ్చెను. అయినను పది చుట్లు ఒక్కచోట ఆగక తిరిగెను. ముప్పదితొమ్మిదేండ్లలో ఇదియే మొదటిసారి. రిమోటును చంకన పెట్టుకొని, అతడు సిగ్గుపడక కన్నులు తుడుచుకొనెను.

బాల్‌బేరింగుల పరుగును కనిపెట్టి అందరును చుట్టు మూగి, గుంటలోని ఆ ఆరవ స్క్రూను ఎట్లు తీసితివని అడిగిరి. ఒక గొప్ప యుద్ధకథ అతని నాలుక చివరకు వచ్చెను. దానిని మింగి, జర్మనీ డ్రైవరుతో తాను దాని తలను పాడుచేసిన వైనము, భార్య వచ్చి తీసిన వైనము ఉన్నదున్నట్లు చెప్పివేసెను. ఇక నవ్వులు పగులునని తల వంచుకొని నిలుచుండెను.

ఎవరును నవ్వలేదు. వకసుగి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించెను.

“ఒరేయ్ మురాకోషీ, వచ్చే ఆదివారం మీ ఆవిడకి తీరికవుతుందా? నాది కూడా రాలేదురా. అప్పట్లో నువ్వు జిగురు పోస్తుంటే చూసే కదా నేనూ పోశాను.”

తక్కిన నలుగురును తమతమ బగ్గీల వెనుకభాగమును చేతులతో కప్పుకొని, నదివైపు చూడసాగిరి. కావున వినుడు, జగమెల్ల వినుడు! షిజుఓకా నగరమున ఆ తరగతివారి ఆరు గేరుపెట్టెలలో ఇంతవరకు విప్పబడినది ఒక్కటే. ఆ దిగ్విజయము మూడు మిల్లీమీటర్ల మందము, పది మిల్లీమీటర్ల పొడవు కలది. దానిని సాధించిన చిజురుదేవి ఆ సమయమున ఇంట పులుసు రుచి చూచి, ఉప్పు చాలలేదని మరికొంత వేయుచుండెను.