హెడ్మాస్టారి కోరపళ్ళు

ఆ ఉదయం మేనకోడలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. హెడ్మాస్టారు వచ్చేలోపు ఆయన కట్టుడు పళ్ళను మైనంలో అమర్చేయాలి, మిగిలిన సమయంలో వాంపైర్ నవల చదువుకోవాలి. మేనత్త నడిపే పళ్ళ ఆస్పత్రిలో వెనకగది ఆమెది. ఆ నవల టీవీలో సీరియల్‌గా వచ్చినప్పుడు కన్నార్పకుండా చూసి, పాలిపోయిన మొహంతో తిరిగే ఆ రక్తపిశాచి కథానాయకుడి మీద మనసు పారేసుకుంది. అయితే అందులో లైబ్రేరియన్‌ను చంపిందెవరో తేల్చకుండానే సీరియల్ ముగించేశారు. ఆ సంగతి తెలిస్తే తప్ప అన్నం సయించేలా లేదని పుస్తకం కొనుక్కుంది.

రిటైరైన హెడ్మాస్టారితోనే వచ్చింది చిక్కంతా. ఎన్నిసార్లు సెట్టు పెట్టి చూపించినా, "ఇది నా నోరు కాదు" అని తీసి చేతిలో పెట్టేవారు. "ఈసారీ ఆయన వద్దన్నారంటే నువ్విక రానక్కర్లేదు. ఇంట్లో కూర్చుని తీరిగ్గా చదువుకో" అని అత్తయ్య నిన్ననే తెగేసి చెప్పింది. పళ్ళు చేయడం తప్ప మరో పని రాని, నేర్చుకోవాలని కూడా లేని మనిషికి అది చిన్న బెదిరింపు కాదు.

అందుకే సెట్టు ముందుగానే, ముచ్చటగా తయారైంది. తర్వాత పుస్తకం తెరిచింది. సీరియల్‌లో హీరోగారి కోరలు కావలసినప్పుడు బయటికి వచ్చేవి, వద్దనుకుంటే లోపలికి పోయేవి. పుస్తకంలో మాత్రం ఎప్పుడూ అలాగే ఉంటాయట. పాపం, అందుకే నవ్వడట. చనిపోయిన లైబ్రేరియన్ మెడ మీద రెండంటే రెండే గాట్లు, మరే పంటి గుర్తూ లేదు. పోలీసులు హీరోనే అనుమానిస్తున్నారు. ఆయన ఆ పని చేయలేదని కథానాయిక ప్రేమకొద్దీ నమ్మింది. మేనకోడలికి ప్రేమతో పాటు పనిముట్లు కూడా ఉన్నాయి.

చిన్న కత్తి వేడిచేసి మైనం మెత్తబరిచి, హెడ్మాస్టారి సెట్టులో కోరపళ్ళు రెండూ కిందికి దించింది. ఒక మైనం ముద్దను వాటితో కరిపించి చూసింది. రెండే గాట్లు! అంటే చంపింది హీరోనే. ఆమెకు దుఃఖం ఆగలేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడే అత్తయ్య లోపలికి వచ్చింది. "ఏంటే, నిన్న నేనన్న మాటలకి ఇప్పుడు ఏడుస్తున్నావా?"

"ఆయన ఇలాంటివాడనుకోలేదు అత్తయ్యా."

"ఆ వయసులో అందరూ అలాగే సాధిస్తారు. నువ్వు మొహం కడుక్కో, నేను చూసుకుంటాలే." అత్తయ్య మనసు కరిగి, సెట్టు సరిగా చూడకుండానే పెట్టెలో పెట్టుకుని తానే పట్టుకెళ్ళింది.

మేనకోడలు తలెత్తేసరికి బల్ల ఖాళీగా ఉంది. ముందుగదిలోకి ఒక్క పరుగు తీసింది.

తన నోట్లో ఇంకొకరు వేలు పెట్టడం హెడ్మాస్టారికి గిట్టదు. అత్తయ్య అటు తిరిగి చేతులు కడుక్కుంటుంటే, సెట్టు తానే పెట్టేసుకుని గుమ్మం వైపు చూసి నవ్వారు. గుమ్మంలో దవడ పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి, "నాకు తగ్గిపోయిందండీ" అని వెనక్కి తిరిగాడు.

అత్తయ్య ఇటు తిరిగి అవాక్కయింది. అయినా డాక్టరు కదా, తమాయించుకుంది. "కంగారు పడకండి మాస్టారూ. కొలత కోసం ముందు పొడుగ్గా పెడతాం, తర్వాత అరగదీస్తాం."

సరిగ్గా అప్పుడే మేనకోడలు, "అవి వేరే ఆయనవండీ!" అని అరిచింది.

"వేరే ఆయనా? ఎవరాయన?"

అబద్ధం నోటికి రాలేదు. "ఆయన... ఎప్పుడో పోయారండీ."

"చచ్చినవాడి పళ్ళు నా నోట్లో పెట్టారా!" హెడ్మాస్టారు కోరలతో గర్జించారు. బెంచీ మీద మిగిలినవాళ్ళు కూడా లేచి వెళ్ళిపోయారు. అత్తయ్య మేనకోడలి వైపు చూసిన చూపులో కొలువు ఊడిపోయినట్టు స్పష్టంగా ఉంది.

"ఉండండి, తీయకండి" అంది పక్కనే కూర్చున్న హెడ్మాస్టారి భార్య. "ఒకసారి ఇటు తిరగండి."

ఆయన తిరిగారు. ఆవిడ చాలాసేపు చూసింది.

"పెళ్ళినాటికి మీ కోరపళ్ళు ఇలాగే ఉండేవి కదండీ, కిందికి దిగి. వాటిని చూసే మా అమ్మ వద్దంది. వాటిని చూసే నేను సరేనన్నాను."

హెడ్మాస్టారు గర్జన మానేసి అద్దం అందుకున్నారు. పళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయి ఏళ్ళు గడిచాక, తన నవ్వు ఎలా ఉండేదో ఆయనే మరిచిపోయారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇదే నా నోరు" అన్నారు మెల్లగా. తర్వాత గొంతు సవరించుకుని, "ఒక్క పిసరు తగ్గించండి. మనవలు జడుసుకుంటారు."

"పిసరంటే పిసరే" అంది ఆవిడ, డాక్టరమ్మ వైపు వేలు చూపిస్తూ.

వాళ్ళు వెళ్ళాక అత్తయ్య మేనకోడల్ని ఎగాదిగా చూసింది. "పాత ఫోటో కూడా చూడకుండా ఎలా కనిపెట్టావే?"

"చదువుతుంటే తట్టింది అత్తయ్యా." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"అయితే ఇక రోజూ చదువు. నా ఎదురుగానే చదువు."

ఆ మధ్యాహ్నం మేనకోడలు దర్జాగా కుర్చీలో కూర్చుని నవల తెరిచింది. చంపింది కథానాయిక మేనమామట, రెండు మొనల ఫోర్కుతో. హీరో నిర్దోషి అని తేలగానే ఆమె ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషంలో పుస్తకం మూసి కాసేపు కళ్ళు మూసుకుందో లేదో, అత్తయ్య తలుపు తోసుకుని వచ్చి, "ఆపావేం? తర్వాతి పేషెంటుకి ఏం తట్టింది?" అని గదమాయించింది. నవల చదవడం ఇంత చాకిరీ అని ఆమెకు అంతకుముందు తెలియదు.