ఉప్పు లేని పరామర్శ

ఆ శనివారం పొద్దున శ్రీవాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. కొడుకు స్కూలు బస్సు ఎక్కగానే కంపెనీ పికప్‌లో ఒమాన్‌లోని సీబ్ నుంచి మస్కట్ వెళ్ళాలి. మధ్యాహ్నం దాకా ఆస్పత్రిలో ఉండాలి. వాడు తిరిగొచ్చే వేళకి ఇంట్లో ఉండి అన్నం వడ్డించాలి. ఈ సంగతి భర్త గంగాధరరావుకి తప్ప మరో మనిషికి తెలియకూడదు.

మస్కట్‌లోని ఆ ఆస్పత్రివాళ్ళు కొత్తగా ఒక కోర్సు పెట్టారు. ఏదో ఒక డిగ్రీ చదివేసి, తర్వాత వైద్యరంగంలోకి రావాలనుకునేవాళ్ళకి ఏడాదిపాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం మొదటినుంచి చెబుతారు. అది పాసైతే ఫిజియోథెరపీకో, ల్యాబుకో, నర్సింగుకో వెళ్ళే అర్హత వస్తుంది. సీటు కావాలంటే ముందు ఒక పరీక్ష, ఆ తర్వాత నెలరోజులు వార్డులో రోగులకు సేవ, చివర ఇంటర్వ్యూ. ముప్ఫై అయిదేళ్ళు నిండితే తీసుకోరు. శ్రీవాణికి ఆ వయసు నిండడానికి ఇంకెన్నో నెలలు లేవు. ఇదొక్కటే అవకాశం.

పరీక్ష ఆమె అప్పటికే గట్టెక్కింది. కాకినాడనుంచి వచ్చేవాళ్ళ చేత ఇంటర్మీడియట్ పుస్తకాలు తెప్పించుకుని, ఎవరైనా తలుపు తట్టినప్పుడల్లా వాటిని బియ్యం డ్రమ్ము వెనక్కి తోసి చదివింది. అంత రహస్యం ఎందుకంటే దానికి కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళ వయసులో తాను డాక్టరు కాబోతున్నానని శ్రీవాణి వీధి వీధంతా చెప్పుకుంది. సీటు రాలేదు. బీకాంలో చేరింది. ఆ వీధివాళ్ళు మాత్రం ఆమె పెళ్ళిపీటల మీద కూర్చునేదాకా "ఏం డాక్టరమ్మా" అని పలకరిస్తూనే ఉన్నారు. పెళ్ళయ్యాక అత్తగారు ఆ కథ విని, "దిష్టి తగలక ఏమవుతుంది మరి! పని చేతికొచ్చేదాకా నోరు విప్పకూడదమ్మా," అంది. అత్తగారి మాటల్లో శ్రీవాణి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది అదొక్కటే.

"సీటొచ్చాక లడ్డూలు పంచి చెబుదాం. అందాకా మీరు ఆఫీసులో నోరు జారొద్దు," అంది భర్తతో.

"నేనెందుకు జారతానే? నా నోరు జీతం గురించి అడగడానికే లేవదు," అన్నాడు గంగాధరరావు. అతను ఒక నిర్మాణ కంపెనీలో అకౌంటెంటు.

పికప్ నడిపే మల్లేశం ఆర్మూరు పక్కవాడు. ఎనిమిదేళ్ళుగా అదే కంపెనీలో ఉన్నాడు. కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో ఎవరికి ఇంటినుంచి ఉత్తరం వచ్చినా శ్రీవాణి దగ్గరికి తెచ్చి చదివించుకుపోయేది అతనే. ఆస్పత్రి గేటు దగ్గర దిగుతూ శ్రీవాణి జీవితంలో పెద్ద పొరపాటు చేసింది. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "మల్లేశం, నేనిక్కడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పకు," అంది.

మల్లేశం మొహం వాడిపోయింది. "ఎందుకమ్మా?"

"కారణం ఉంది. చెప్పకు. అంతే."

"నేనెవ్వలకు చెప్ప. నా మీద ఒట్టు," అన్నాడు. ఆ ఒట్టు వేసిన క్షణంనుంచీ అతని మనసు మనసులో లేదు.

శ్రీవాణికి కిడ్నీ మెషిన్ల గదిలో పని ఇచ్చారు. అక్కడ రోగులు రోజు విడిచి రోజు వస్తారు: శని, సోమ, బుధవారాలు. కాబట్టి ఆమె కూడా ఆ రోజుల్లోనే వెళ్ళేది. దుప్పటి కప్పడం, దాహమేస్తే కొలిచి ఇచ్చిన గుక్కెడు నీళ్ళు అందించడం, గంటల తరబడి కదలకుండా పడుకున్నవాళ్ళతో కబుర్లు చెప్పడం. ఖురియాత్‌నుంచి వచ్చే ఒక ముసలి జాలరి శ్రీవాణి చెయ్యి పట్టుకుంటే గానీ సూది గుచ్చనిచ్చేవాడు కాదు. అతని భాష ఆమెకి రాదు, ఆమె భాష అతనికి రాదు. అయినా అతను తన పడవ గురించి చెప్పేవాడు, ఆమె ఊకొట్టేది.

ఒక బుధవారం శ్రీవాణి టిఫిన్ క్యారియర్ పికప్‌లోనే మరిచిపోయింది. మల్లేశం దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు. తలుపు అద్దంలోంచి చూస్తే, మెషిన్ పక్కన కుర్చీలో శ్రీవాణి కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది, జాలరి కథ పొడుగ్గా సాగుతోంది మరి. జాలరి ఆమె వెనక మంచంలో ఉన్నాడు, కనపడలేదు. ఎర్రటి గొట్టాలు మాత్రం ఆమె ఒడి మీదుగా మెషిన్‌లోకి వెళ్తూ కనబడ్డాయి.

మల్లేశం క్యారియర్ని నర్సు చేతికిచ్చి, పికప్‌లోకి వచ్చి, స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాడు. ఒట్టు వేశాడు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఒక్క భూమేశ్‌కే చెప్పాడు. వాడు తన రూమ్‌లో ఉంటాడు, రూమ్‌వాడు పరాయివాడు కాడు. భూమేశ్ కూడా ఒట్టు వేసి సురేందర్‌కి చెప్పాడు. సురేందర్ సైట్ ఇంజనీరు ఇంట్లో ఏసీ బాగుచేయడానికి వెళ్ళి ఇంజనీరు భార్య చిట్టికి చెప్పాడు. చిట్టికి చెప్పాక ఇంక ఒట్లతో పనిలేకపోయింది.

ఆ శుక్రవారం శ్రీవాణి ఇంటికి ఆరు కుటుంబాలు వచ్చాయి. అందరూ చెప్పులు చప్పుడు కాకుండా విడిచారు. అందరి చేతుల్లోనూ హార్లిక్స్ సీసాలు, గ్లూకోజు ప్యాకెట్లు, ఆపిల్ పళ్ళు. ఎవరూ ఏమీ అడగలేదు. చిట్టి సోఫాలో పక్కన కూర్చుని శ్రీవాణి మణికట్టు నిమురుతూ, "వదినా, ధైర్యంగా ఉండాలి. మేమంతా లేమా?" అంది.

కోర్సు సంగతి పొక్కిపోయిందనుకుంది శ్రీవాణి. ఇంటర్వ్యూకి ధైర్యం చెప్పడానికి వచ్చారనుకుంది. "ఇంకా ఏదీ తేలలేదు కదా చిట్టీ. అంతా ఆ డాక్టరుగారి చేతిలో ఉంది. నెలాఖరుకి తెలుస్తుంది," అంది మెల్లిగా.

ఆ మాటతో ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు.

"తేలకపోతే?" అంది చిట్టి.

"తేలకపోతే ఏముంది, ఇన్నాళ్ళూ ఉన్నట్టే ఉంటాను. నాకు వయసు కూడా అయిపోతోందిగా."

"ముప్ఫై నాలుగూ ఒక వయసేనా వదినా!" అని చిట్టి బావురుమంది. తన సీటు కోసం ఇంతలా ఏడ్చే స్నేహితురాలు దొరకడం అదృష్టమని శ్రీవాణి అనుకుంది.

మరుసటి శుక్రవారం చిట్టి వాళ్ళింట్లో భోజనాలు. వంకాయ కూరలో ఉప్పు లేదు. పప్పులో లేదు. చారులో లేదు. పదిమంది పెద్దవాళ్ళు తలలు వంచుకుని తింటున్నారు. శ్రీవాణి ఆవకాయ ముక్క కోసం చెయ్యి చాపితే చిట్టి ఆ చేతిని పట్టుకుని, ఆవకాయ జాడీని పక్కింటావిడకి అందించింది. పక్కింటావిడ దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది. భోజనం చివర అరటితోటలున్న సలాలా నుంచి ప్రత్యేకంగా తెప్పించిన అరటిదవ్వ రసం వచ్చింది. గ్లాసుడు, ఆమెకొక్కదానికే. అందరూ చూస్తుండగా తాగింది. ఇంటికొచ్చాక, "ఏవండీ, చిట్టికి వంట మరుపొచ్చింది, పాపం," అంది.

గంగాధరరావు బాధ గంగాధరరావుది. ముందురోజు ఆఫీసులో అర్బాబ్, అంటే కంపెనీ యజమాని, అతన్ని గదిలోకి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "కుటుంబం ముందు, ఉద్యోగం తర్వాత. ఇండియా వెళ్ళిపోవాలని ఉంటే చెప్పు, టికెట్లు నేనిస్తాను," అన్నాడు. పదకొండేళ్ళలో ఆ చెయ్యి అతని భుజం మీద పడటం అదే మొదటిసారి. తనను పంపించేస్తున్నారని గంగాధరరావుకి అర్థమైంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా భార్యకి చెప్పకూడదనుకుని, అన్నం మానేసి, గడ్డం గీసుకోవడం మరిచిపోయి, లెక్కల్లో తప్పులు చేయసాగాడు. ఆ మొహం చూసి, అంతవరకూ నమ్మనివాళ్ళు కూడా నమ్మారు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. గేటు దగ్గర మల్లేశం, "అమ్మా, నువ్వు రంది వడకు. ఇయ్యాల్టితోని అంత మంచిగైతది," అన్నాడు.

"నీ నోటి చలవ వల్ల అలాగే కావాలి మల్లేశం."

ఇంటర్వ్యూ చేసేది కోర్సు అధిపతి డాక్టర్ రషీద్. ఒమానీ. బొంబాయిలో చదువుకోవడంవల్ల హిందీ బాగా వచ్చు. నవ్వడం ఎక్కడా నేర్చుకోలేదు. శ్రీవాణి కూర్చున్నాక ఆయన ఆమె కాగితాలు పక్కకి జరిపి చాలాసేపు ఆమె కళ్ళకింద పరీక్షగా చూశాడు.

"మీకు పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. వార్డులో సిస్టర్లు మెచ్చుకున్నారు. కానీ మీరు మా దగ్గర ఒక నిజం దాచారు," అన్నాడు హిందీలో. "మీకు సీటు ఇవ్వడం కష్టం. ఈ వృత్తికి ఆరోగ్యవంతులు కావాలి."

"నాకేమైంది సార్?"

డాక్టర్ లేచి పక్క గది తలుపు తీశాడు. బెంచీ మీద మల్లేశం, భూమేశ్, సురేందర్ వరసగా కూర్చుని ఉన్నారు. ముగ్గురూ తలంటుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. ముగ్గురి మోచేతి మడతల్లోనూ రక్తం తీసిన చోట దూది ఉంది.

"మీరు బయట మీ వంతు కోసం కూర్చుని ఉండగా వచ్చారు. మీకు కిడ్నీ ఇస్తారట. ఎవరిది సరిపోతే వాళ్ళది తీసుకోమంటున్నారు. ఇంతవరకూ వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకున్నారు."

"అమ్మకు నాదే పెట్టాలె సారూ," అన్నాడు భూమేశ్ లేచి, తెలుగులోనే. "నేను బీడీ సుత తాగ."

"నువ్వు గమ్మునుండు. ముందుగాల చూసింది నేను," అన్నాడు మల్లేశం.

శ్రీవాణికి హార్లిక్స్ సీసాలు, ఉప్పులేని చారు, తాళం పడ్డ ఆవకాయ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఆ మూడు ఇస్త్రీ చొక్కాలను చూస్తే నవ్వాలనిపించలేదు. తనకే జబ్బూ లేదని, కోర్సు కోసమే వస్తున్నానని, కావాలంటే ఇప్పుడే పరీక్ష చేసుకోమని చెప్పింది. చేశారు. ఆమె రెండు కిడ్నీలూ అరటిదవ్వ రసాన్ని కూడా తట్టుకుని దివ్యంగా ఉన్నాయి.

"మరి వీళ్ళకి ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు డాక్టర్.

శ్రీవాణి తల దించుకుంది. చదువుకున్న మనిషి ముందు ఆ మాట అంటే వచ్చే సీటు కూడా పోతుందని తెలుసు. అయినా ఇంకో రహస్యం మోసే ఓపిక ఆమెకి లేదు. "ముందే చెప్తే దిష్టి తగులుతుందని, సార్. నజర్."

డాక్టర్ రషీద్ లేచి వెళ్ళి గది తలుపు వేశాడు.

"మంచి పని చేశారు. మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఇంకా మా తమ్ముడికి కూడా చెప్పలేదు," అన్నాడు గొంతు తగ్గించి. "మీరూ ఎవరితో అనకండి." ఆపైన ఆమె కాగితాల మీద సంతకం పెట్టి, ఖర్జూరాల పళ్ళెం ఆమె వైపు జరిపాడు.

ఇంటికి రాగానే గంగాధరరావు సంగతంతా విని, మర్నాడు అర్బాబ్ దగ్గరికి వెళ్ళి, తన ఉద్యోగం పోలేదని తెలుసుకుని, గడ్డం గీసుకున్నాడు. శ్రీవాణి లడ్డూలు చేసి అందరికీ పంచి, ఉన్నదున్నట్టు చెప్పింది. చిట్టి ఏడ్చి, నవ్వి, ఆవకాయ జాడీ బయటికి తీసింది. కథ అక్కడితో అయిపోవలసిందే.

కానీ ముగ్గురి రక్తపరీక్షల్లో ఒకటి బాగా లేదు. అది మల్లేశానిది. ఏళ్ళ తరబడి రక్తపోటు ఎవరూ చూడక, కిడ్నీలు రెండూ నీరసించడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పట్టుకున్నారు కాబట్టి మందులతో నిలబడతాయని, ఉప్పు తగ్గించి, నెలకోసారి వచ్చి చూపించుకోవాలని డాక్టర్ చెప్పాడు. ఆ మాట అతనికి తెలుగులో చెప్పే పని శ్రీవాణికి అప్పగించాడు.

మల్లేశం పికప్ పక్కకి ఆపి విన్నాడు. "అమ్మా, గీ ముచ్చట క్యాంపుల ఎవ్వలకు చెప్పకు. ఇంట్ల సారుకు సుత చెప్పకు. కంపెనీకి ఎర్కైతే అన్‌ఫిట్ అని ఇంటికి తోలుతరు. నా పెండ్లాం శాంతవ్వకు పిల్లలతోని ఎట్ల ఎల్లుతది?" అన్నాడు.

"నేనెవరికీ చెప్పను మల్లేశం. ఒట్టు," అంది శ్రీవాణి.

కోర్సులో మొదటిరోజు మొదటి పాఠం అదే వచ్చింది. రోగి సంగతి రోగి అనుమతి లేకుండా కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పకూడదని. ఆ పాఠం శ్రీవాణి అప్పటికే నేర్చుకుని ఉంది.

మల్లేశం నెలనెలా ఆస్పత్రికి వెళ్తున్నాడు. మెస్సులో ఉప్పు మానేశాడు. ఎందుకని అడిగితే చెప్పడు. మరోవైపు శ్రీవాణి మొహం కళకళలాడుతోంది, ఆవకాయ కూడా తింటోంది. క్యాంపువాళ్ళు ఈ రెండింటినీ కలిపి చూసుకున్నారు. భూమేశ్ మల్లేశం బట్టలు తాను ఉతకసాగాడు. అర్బాబ్ అతన్ని ఎండలో తిరిగే పికప్‌నుంచి తీసి ఏసీ కారుకి మార్చాడు. గంగాధరరావు ఒకరోజు భోజనం మధ్యలో ఆగి, "ఒసే, కట్టుకున్నవాణ్ణి, నాకైనా నిజం చెప్పు. నీకున్న కిడ్నీల్లో నీవెన్ని?" అన్నాడు.

"అది చెప్పకూడదండీ," అంది శ్రీవాణి. ఆ జవాబుతో అతనికీ సందేహం తీరిపోయింది.

శుక్రవారం చిట్టి డబ్బా పట్టుకుని వచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి. "మాకు చెప్పకపోతే తెలీదనుకున్నావా వదినా? లడ్డూలు పెట్టి మమ్మల్ని బాగానే నమ్మించావు. ఆ మల్లేశం మనిషి కాదు, దేవుడు. అతనికి సొరకాయ కూర చేశాను, వారం వారం నేనే పంపిస్తాను."

శ్రీవాణి నోరు తెరిచింది. మల్లేశానికి వేసిన ఒట్టు, మొదటి పాఠం గుర్తొచ్చి, అడగవలసిన ఒక్క మాట మాత్రం అడిగింది.

"ఇందులో ఉప్పు వెయ్యలేదు కదా?"

"చిటికెడు కూడా వెయ్యలేదు వదినా."

ఆరోగ్య వృత్తిలో శ్రీవాణి మొదటి రోగికి ఆ విధంగా ఊరంతా కలిసి, జబ్బేమిటో తెలియకుండానే, సరైన పథ్యం పెట్టింది.